ఓరెగన్‌లో సైలోసైబిన్ సెషన్: లిథియం వాడేటోళ్లను రానిస్తరా?

మిర్యాలగూడ_బావ: పోర్ట్‌లాండ్‌ల ఉన్న మా బామ్మర్ది లైసెన్సు సెంటర్‌కు పోయి సైలోసైబిన్ (మ్యాజిక్ మష్రూమ్స్‌ల ఉండే, భ్రమలు పుట్టించే పదార్థం) తీసుకుంటనంటున్నడు. హెచ్-1బీ మీదున్నడు, లిథియం (మూడ్‌ను అదుపుల ఉంచే మందు) గోలీలు వాడుతడు. డాక్టర్ చీటీ అక్కర్లేదట. మరి ఆపేటోళ్లెవరు?

పాలమూరు_ఫార్మసీ: చీటీ అక్కర్లేదు, నిజమే. 21 ఏళ్లు నిండితే చాలు. కానీ డోసుకు కనీసం 24 గంటల ముందు ప్రిపరేషన్ సెషన్ తప్పనిసరి. గత 30 రోజుల్లో లిథియం వేసుకున్నా, ఎప్పుడైనా సైకోసిస్ (లేనివి కనిపించుడు, వినిపించుడు) వచ్చినా, హాని చేసుకోవాలనో చేయాలనో ఆలోచనలున్నా అక్కడే ఆపేస్తరు. లిథియం, సైలోసైబిన్ రెండూ కలిసినప్పుడు ఫిట్స్ వచ్చిన కేసులున్నయి. అసలు భయం వేరే: ఫారంలో 'లేదు' అని రాయడానికి సొంతంగా లిథియం ఆపేస్తరు, మేనియా (అదుపు తప్పిన ఉద్రేకం) తిరగబెడతది. డాక్టర్‌ను అడగకుండ ఒక్క గోలీ కూడ మానొద్దని చెప్పుండ్రి అన్నా.

దేవరకొండ_రీడర్: సెషన్‌కు 50 మిల్లీగ్రాముల సైలోసైబిన్ దాటనియ్యరు. సరుకు ఇంటికియ్యరు, అక్కడే వేసుకోవాలె, అక్కడే ఉండాలె. ఇంటికెట్ల పోతరో ముందే రాసియ్యాలె, బండి నడపొద్దు. ఫెసిలిటేటర్ (సెషన్‌ల పక్కనుండి చూసుకునేటాయన) చెయ్యి పట్టుకోవాలన్నా ముందే రాతపూర్వక ఒప్పుదల కావాలె. మత్తులో ఉండి 'సరే' అన్నమాట చెల్లదు. నాకైతే ఈ రూల్ భేష్ అనిపిస్తది.

సూర్యాపేట_వకీల్: వీసా సంగతి ఎవ్వరూ చెప్పలే. రాష్ట్రం లైసెన్సిచ్చినా ఫెడరల్ చట్టంలో అది షెడ్యూల్ 1 మందే, అంటే అత్యంత కఠినంగా నిషేధించిన మత్తుమందుల జాబితాల ఉన్నదే. వాడిన అని ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు ఒప్పుకున్నా గ్రీన్‌కార్డుకు అడ్డం పడొచ్చు. సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనుండ్రి. ఇండియాకైతే అసలే తేవద్దు, ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసైతది.