మ్యాన్‌హోల్ చావులకు కారణం పేదరికమా, కులమా?

రిటైర్డ్ డీఈ: మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ ప్రతిదానికీ కులం ఎందుకు తగిలిస్తారు? విషవాయువు కులం అడిగి చంపుతుందా? గతిలేనివాడు దిగుతాడు, అంతే.

నల్లరేగడి: విషవాయువు అడగదు సార్, మేస్త్రీ అడుగుతాడు. మురుగు పనుల్లో మనుషులకు బదులు యంత్రాలు తేవడానికి పెట్టిన నమస్తే పథకం కింద 2024 నాటికి కేంద్రం లెక్కతీసిన 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలే. 2011 జనగణన ప్రకారం దేశంలో వాళ్లు 17 శాతం కూడా లేరు. గతిలేని ఓసీలు మా ఊళ్లోనూ ఉన్నారు. ఆటో తోలుతారు, వాచ్‌మన్‌గా చేరతారు. మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎత్తరు.

చారుమజ్జిగ: మళ్లీ మొదలైంది.

రిటైర్డ్ డీఈ: నా సర్వీసంతా డ్రైనేజీల మీదే గడిచింది. ఏనాడూ ఎవర్నీ దిగమనలేదు. మాస్కు ఇస్తే ఊపిరాడట్లేదని తీసేస్తారు. దానికెవరేం చేస్తారు?

కెమిస్ట్రీ మాస్టారు: ఏ మాస్కండీ? గుడ్డదైతే మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు పనికిరాదు, గాలి అందించే సెట్టు కావాలి. ముందు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. గ్యాస్ పోయిందనుకుని దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయిన రెండోవాడూ పోతాడు.

రిటైర్డ్ డీఈ: టెండర్‌లో అన్నీ ఉంటాయి. కాపీ చదివి మాట్లాడండి.

నల్లరేగడి: మా బావ కాంట్రాక్టు కింద చేశాడు. అతనికి ఇచ్చింది నడుముకో తాడు, చేతికో వెదురు బద్ద, దిగేముందు ఓ క్వార్టరు. ఒళ్లంతా పుండ్లు, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రిలో ఏం పని చేస్తావంటే సిగ్గుపడి 'కూలి' అని రాయించాడు. ఇక ఏ లెక్కలోకి వస్తాడు?

రిటైర్డ్ డీఈ: అంటే నేను చంపుతున్నానా? నోరు అదుపులో పెట్టుకో.

అడ్మిన్: వ్యక్తిగత దూషణలు వద్దు.

నల్లరేగడి: మిమ్మల్ని అనలేదు. ఒక్కటి చెప్పండి. మీ ఆఫీసులో పారిశుద్ధ్య పోస్టుల్లో పర్మనెంటయిన ఓసీలు ఏ సీట్లో కూర్చునేవాళ్లు?

రిటైర్డ్ డీఈ: ఒకతను డెస్పాచ్‌లో. చదువుకున్నవాణ్ని చీపురు పట్టుకోమంటామా? మా అబ్బాయికి మంచి ర్యాంకొచ్చీ సీటు రాలేదు, అప్పుడెవరూ ఇలా చర్చ పెట్టలేదే!

నల్లరేగడి: కోపం సీటు మీదన్నమాట. మా బావా ఇంటర్ పాసే సార్. డెస్పాచ్‌కి అతన్నెందుకు పిలవలేదు?

సులోచన: హైదరాబాద్ జలమండలి సన్న గల్లీల కోసం 2017లోనే నీళ్లు బలంగా చిమ్మి మురుగు కదిలించే చిన్న జెట్టింగ్ మిషన్లు దింపింది. మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటేమో మిషన్‌కు ఖర్చెక్కువని, సెప్టిక్ ట్యాంకులో దిగే మనిషి కోసం పొద్దుటి నుంచి గ్రూపులో అడుగుతున్నాడు.

రిటైర్డ్ డీఈ: మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఏడో సెక్షన్ చూపించమ్మా ఆయనకి. రక్షణ లేకుండా దింపితే రెండేళ్ల దాకా జైలు. డిపార్ట్‌మెంటుకేం సంబంధం లేదు.