అప్‌డేట్: చివరికి లాబ్రడారే తెచ్చుకున్నాం
గుంటూరులో విడి ఇల్లు, ఇద్దరు పిల్లలు, కర్ర పట్టుకుని నడిచే మామయ్యగారు. ఇలాంటి ఇంటికి ఏ కుక్క నయం, జర్మన్ షెపర్డా, లాబ్రడారా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. లాబ్రడార్ వచ్చింది, ఆడ కుక్కపిల్ల.

కుక్కపిల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగమన్నవాళ్లకి థ్యాంక్స్. రెండు జాతుల్లోనూ హిప్ డిస్ప్లాసియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) మామూలేనట. ఎక్స్‌రేలు అడిగితే నసిగిన అమ్మకందార్లని వదిలేసి, చూపించినవాళ్ల దగ్గరే తీసుకున్నాం.

షెపర్డ్ మీద మా ఆయనకి మోజు ఇంకా పోలేదు. కానీ వచ్చేపోయేవాళ్లు ఎక్కువున్న ఇల్లు, గేటు చప్పుడైతే కాపలాకి దిగే కుక్కకి రోజూ శిక్షణ ఇచ్చే తీరిక ఎవరికుంది? ఇదైతే దొంగొచ్చినా తోక ఊపేలా ఉంది!

తిండి కొలిచే పెడుతున్నాం. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌కి పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉంటుందని, దానివల్ల ఆకలి ఎక్కువని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు. మామయ్యగారు చాటుగా వేసే ఇడ్లీ ముక్కలే ఇప్పుడు సమస్య.