జీపీజీ పాస్‌ఫ్రేజ్ అడగకుండానే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది, పరిష్కారం తెలుపగలరు

ఖాతాల గుమాస్తా:
సభ్యులకు నమస్కారం. మా ఆడిటర్ గారి కార్యాలయంలో ఖాతాదారుల పాన్, ఆధార్ నకళ్లను, రిటర్నుల కాగితాలను ఏడాదివారీగా ఒక్కో ఫైలుగా కట్టి, ఎన్‌క్రిప్ట్ చేసిన (రహస్య సంకేతాలలోకి మార్చిన) తరువాతే బయటి నిల్వకు పంపాలని నిర్ణయించుకున్నాము. లినక్స్‌లో ఇందుకు జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాము సరిపోతుందని చదివి ఇన్‌స్టాల్ చేశాను. అయితే జీపీజీకి హైఫన్ సీ ఆప్షన్, ఫైలు పేరు ఇచ్చి ఎంటర్ నొక్కగానే, పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) అడిగే పెట్టె కనబడకుండానే ‘ప్రాబ్లమ్ విత్ ది ఏజెంట్: పర్మిషన్ డినైడ్’ అని చెప్పి ఆగిపోతోంది. ఫైలు నాదే, ఫోల్డరూ నాదే. సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించినా అదే మాట. భోజనం చేసి కూర్చున్నవాణ్ణి, దీపాలు పెట్టే వేళయినా లేవలేదు. ఒక్క ఫైలుకు తాళం వేయడానికి ఇంత గోల అవసరమా? తెలిసినవారు చెప్పగలరు.

పొడిమాట:
ఏ డిస్ట్రో (లినక్స్ రకం)? జీపీజీ ఏ వెర్షన్? నేరుగా యంత్రం ముందున్నారా, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లాగిన్ అయి ఉన్నారా?

తుడుపుగుడ్డ:
అయ్యా, మీరు అడిగినదానికన్నా ముందు ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. జీపీజీ మీ ఫైలును మార్చదు, దాని పక్కన ఎన్‌క్రిప్ట్ అయిన మరో ప్రతిని తయారు చేస్తుంది. అసలు ఫైలు చదవగలిగే స్థితిలోనే డిస్కు మీద మిగిలిపోతుంది. దానిని ఆర్ఎమ్ కమాండ్‌తో తొలగించినంత మాత్రాన సమాచారం చెరిగిపోదు. ఫైలును తిరగరాసి చెరిపే ష్రెడ్ అనే ప్రోగ్రాము పాత హార్డ్ డిస్కుల మీద బాగానే పనిచేసింది గాని, ఎస్ఎస్‌డీ తనకు వీలైన చోట రాసుకుంటుంది కనుక, మీరు తిరగరాశామనుకున్న చోటే తిరగరాసినట్టు హామీ లేదు. బీటీఆర్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లలో పాత భాగాన్ని అలాగే ఉంచి కొత్త చోట రాస్తారు కాబట్టి అక్కడ ష్రెడ్ ఉత్త కంటితుడుపే. అందువలన ఫైళ్లను ఒకటిగా కట్టే టార్ ఇచ్చే ఫలితాన్ని డిస్కు మీద పెట్టకుండా పైపు ద్వారా నేరుగా జీపీజీకి అందించడం మేలు. అంతకన్నా మేలు, డిస్కు మొత్తానికే లక్స్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం.

ఖాతాల గుమాస్తా:
తుడుపుగుడ్డ గారూ, ఎన్‌క్రిప్ట్ అయిన ప్రతి ఒకటి పుడితే కదండీ, అసలు ప్రతిని ఏం చేయాలో ఆలోచించేది. పొడిమాట గారూ, ఉబుంటు 22.04, జీపీజీ 2.2.27, ఎస్ఎస్‌హెచ్ ద్వారా అద్దె సర్వర్‌లో ఉన్నాను. పాత చర్చలలో చెప్పినట్టు జీపీజీ అండర్‌స్కోర్ టీటీవై వేరియబుల్‌కు టీటీవై కమాండ్ ఇచ్చే జవాబును (టెర్మినల్ పేరును) ఎక్స్‌పోర్ట్ చేశాను; మార్పు లేదు. ఫైలుకూ, హోమ్‌లోని డాట్ జీఎన్‌యూపీజీ ఫోల్డరుకూ సీహెచ్‌మోడ్ 777 (అందరికీ అన్ని అనుమతులు) కూడా ఇచ్చాను.

పొడిమాట:
ఆ ఫోల్డరును వెంటనే 700కు, అందులోని ఫైళ్లను 600కు (మీకు మాత్రమే అనుమతి ఉండేలా) మార్చండి. మీ తాళంచెవులు ఉండే చోటు అది.

తేలికదారి:
నన్నడిగితే జీపీజీని వదిలి ఏజ్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామును వాడండి. జీపీజీ 1.0 వెర్షన్ 1999లో వచ్చింది, ఏజ్ 1.0 వచ్చినది 2021లో. ఉబుంటు 22.04లో ఆప్ట్‌తోనే దొరుకుతుంది. ఏజెంట్ లేదు, డాట్ ఫోల్డరు లేదు, సెట్టింగుల ఫైలు లేదు. హైఫన్ పీ ఇస్తే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, ఆ పాస్‌ఫ్రేజే కీ అవుతుంది, పని ముగుస్తుంది.

నిదానం:
పాస్‌ఫ్రేజే కీ అనడం సరికాదు. ఏజ్‌లోనైనా జీపీజీలోనైనా పాస్‌ఫ్రేజ్‌కు యాదృచ్ఛికమైన సాల్ట్‌ను (ప్రతిసారీ మారే అంకెల వరుసను) కలిపి, కావాలనే ఎక్కువ లెక్క చేయించి, అందులోనుంచి కీని పుట్టిస్తారు. ఏజ్ ఇందుకు ఎస్‌క్రిప్ట్ అనే పద్ధతిని వాడుతుంది. ఒకే ఫైలును ఒకే పాస్‌ఫ్రేజ్‌తో రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేసి పోల్చి చూడండి, రెండు ఫలితాలూ వేరుగా ఉంటాయి.

తేలికదారి:
వాడేవారికి రెండూ ఒకటే కదా. ఆయన పరీక్షకు చదవడం లేదు, ఆఫీసు పని చేసుకుంటున్నారు.

నిదానం:
ఒకటే అనుకున్నవారే నాలుగు అక్షరాల పాస్‌ఫ్రేజ్ పెట్టి, 256 బిట్‌ల రక్షణ ఉన్నదని నిశ్చింతగా ఉంటారు. పైగా ఏజ్ డిజిటల్ సంతకం చేయదు, జీపీజీ చేస్తుంది. ఆడిటర్ కార్యాలయానికి అది రేపు అవసరం కావచ్చు.

పొడిమాట:
గుమాస్తా గారూ, సర్వర్‌లోకి ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యారు? జీపీజీని ఏ అకౌంట్‌లో నడుపుతున్నారు?

ఖాతాల గుమాస్తా:
నా సొంత అకౌంట్‌తో లాగిన్ అయి, ఎస్‌యూ కమాండ్‌తో ఆఫీసు అకౌంట్‌లోకి మారాను. రోజూ చేసే పనే కదా. దీనికీ ఎన్‌క్రిప్షన్‌కూ సంబంధమేమిటి?

పొడిమాట:
అదే కారణం.

నిదానం:
పొడిమాట గారు చెప్పినదానిని కొంచెం విడమరుస్తాను. జీపీజీ 2లో పాస్‌ఫ్రేజ్‌ను జీపీజీ అడగదు. నేపథ్యంలో నడిచే జీపీజీ-ఏజెంట్‌కు చెబుతుంది, ఆ ఏజెంట్ పిన్‌ఎంట్రీ అనే మరో ప్రోగ్రాముతో అడిగిస్తుంది. సర్వర్‌లో వాడే పిన్‌ఎంట్రీ-కర్సెస్ తన పెట్టెను గీయడానికి, మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన టెర్మినల్ పరికరాన్ని, అంటే డెవ్‌లో పీటీఎస్ కింద ఉండే ఫైలును, తానే తెరవాలి. మీరు లాగిన్ అయినప్పుడు ఆ పరికరం మీ సొంత అకౌంట్ పేరిట నమోదయింది. ఎస్‌యూతో మీరు మారారు గాని పరికరం యజమాని మారలేదు. ఆఫీసు అకౌంట్ కింద నడిచే పిన్‌ఎంట్రీ దానిని తెరవబోతే కెర్నెల్ (లినక్స్ మూలభాగం) అడ్డుకుంటుంది. ఆ ‘పర్మిషన్ డినైడ్’ మీ ఫైలును గురించినది కాదు, టెర్మినల్‌ను గురించినది. అందుకే సీహెచ్‌మోడ్ ఎంత చేసినా ఫలితం లేకపోయింది. ఎల్ఎస్ హైఫన్ ఎల్‌కు టీటీవై చెప్పిన దారిని ఇచ్చి చూడండి, యజమాని పేరు కనబడుతుంది.

మార్గాలు మూడు ఉన్నాయి. ఎస్ఎస్‌హెచ్‌తో నేరుగా ఆఫీసు అకౌంట్‌లోకి లాగిన్ కావడం వీటిలో ఉత్తమం. అది వీలుకాకపోతే, మారిన తరువాత స్క్రిప్ట్ కమాండ్‌కు డెవ్ నల్‌ను ఇస్తే, కొత్త అకౌంట్ పేరిటే ఒక కొత్త టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో జీపీజీ అండర్‌స్కోర్ టీటీవై వేరియబుల్‌ను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. చివరిది, జీపీజీకి పిన్‌ఎంట్రీ-మోడ్ ఆప్షన్‌లో లూప్‌బ్యాక్ అని ఇవ్వడం. అప్పుడు పిన్‌ఎంట్రీ ప్రమేయం లేకుండా జీపీజీయే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది.

తేలికదారి:
ఏజ్ వాడి ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. అది డెవ్ టీటీవైను తెరుస్తుంది, దానికి అందరికీ అనుమతి ఉంటుంది.

నిదానం:
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను.

ఖాతాల గుమాస్తా:
నేరుగా లాగిన్ అయ్యాను, పెట్టె వచ్చింది, ఫైలు తయారయింది. కాని వెంటనే డీక్రిప్ట్ చేసి చూస్తే పాస్‌ఫ్రేజ్ అడగకుండానే తెరుచుకున్నది! ఎవరైనా ఇలాగే తెరవగలిగితే ఈ తాళం ఎందుకు?

నిదానం:
కంగారు పడవద్దు. ఏజెంట్ మీ పాస్‌ఫ్రేజ్‌ను కాసేపు జ్ఞాపకం ఉంచుకుంటుంది. సెట్టింగు మార్చకపోతే ఆ గడువు 600 సెకన్లు. జీపీజీకాన్ఫ్ కమాండ్‌కు కిల్ ఆప్షన్‌తో జీపీజీ-ఏజెంట్ పేరు ఇచ్చి దానిని ఆపి, మళ్లీ తెరవండి, తప్పక అడుగుతుంది. అసలు జ్ఞాపకమే వద్దనుకుంటే నో-సిమ్‌కీ-క్యాష్ అనే ఆప్షన్ ఉన్నది.

ఖాతాల గుమాస్తా:
అడిగింది. ధన్యవాదాలు. ఇదే కమాండును రాత్రిపూట తనంతట తానే నడిచేలా క్రాన్‌లో పెడదామనుకుంటున్నాను.

పొడిమాట:
క్రాన్‌కు టెర్మినల్ ఉండదు. మళ్లీ ఇక్కడికే వస్తారు.

నిదానం:
పాస్‌ఫ్రేజ్‌ను స్క్రిప్టులో రాసి పెట్టడం మాత్రం చేయవద్దు. మీ ఆఫీసు కంప్యూటర్‌లో కీ జతను (తాళం వేసే పబ్లిక్ కీ, తెరిచే ప్రైవేట్ కీ) తయారు చేసి, పబ్లిక్ కీని మాత్రమే సర్వర్‌లోకి ఇంపోర్ట్ చేసుకోండి. పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేయడానికి పాస్‌ఫ్రేజ్ అక్కరలేదు. ప్రైవేట్ కీ సర్వర్‌లో లేదు కనుక, సర్వర్ పరుల చేతిలో పడినా ఎన్‌క్రిప్ట్ అయిన ప్రతులను వారు తెరవలేరు. అయితే ప్రైవేట్ కీకి వేరొక చోట నకలు ఉంచుకోండి, అది పోతే మీరు కూడా తెరవలేరు. క్రాన్‌లో జీపీజీ ఆ కీని నమ్మవచ్చునా అని అడిగి ఆగిపోకుండా, ఇంపోర్ట్ చేయగానే దాని ఫింగర్‌ప్రింట్‌ను (గుర్తింపు సంఖ్యను) ఆఫీసులోని దానితో సరిచూసి, సర్వర్‌లో దానికి నమ్మకం స్థాయిని నిర్ణయించండి.

తుడుపుగుడ్డ:
పరుల చేతిలో పడితే అంటున్నారు గనుక మళ్లీ అడుగుతున్నాను. ఆ సర్వర్‌లోని అసలు ఫైళ్ల సంగతి ఏమిటి? అద్దె సర్వర్ అన్నారు, కింద ఏ డిస్కు ఉన్నదో మీకు తెలియదు, ష్రెడ్ మీద ఆధారపడలేరు.

ఖాతాల గుమాస్తా:
ఆడిటర్ గారిని అడిగి చెబుతాను. పబ్లిక్ కీ సంగతి సోమవారం చూస్తాను.