లదాఖ్‌కు బండి మీద: శ్రీనగర్ నుంచి ఎక్కాలా, మనాలి నుంచా?

గుంటూరు_బుల్లెట్:
జూలైలో నలుగురం బయల్దేరుతున్నాం. బండ్లు సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో పార్సిల్ వేస్తాం. మనాలి మీదుగా లేహ్ చేరి, శ్రీనగర్ మీదుగా దిగాలని ఆలోచన. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

నల్లమల_రైడర్:
రూటు తిప్పేయండి అన్నా. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. రోజుకింత చొప్పున ఒళ్లు అలవాటు పడుతుంది. అటు మనాలి నుంచి వెళ్తే 4,890 మీటర్ల బారాలాచా లా (లా అంటే కనుమ) దాటించి, సర్చూలో 4,300 దగ్గర పడుకోబెడతారు. మా గుంపులో ఉక్కులాంటి కుర్రాడు ఆ రాత్రంతా వాంతులతో కూర్చునే ఉన్నాడు. పగలు కాసేపు ఎంత ఎత్తెక్కినా దిగిపోతాం. ఏ ఎత్తులో నిద్రపోతున్నామన్నదే అసలు లెక్క.

ఓరుగల్లు_హిమాలయన్:
పై మాటే నాదీ. మనాలి తప్పదంటే బారాలాచా లాకి ముందొచ్చే జిస్పా ఊళ్లో రెండు రాత్రులు ఆగండి. ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ని అడిగాకే వేసుకోండి. జూలైలో శ్రీనగర్ వైపు అమర్‌నాథ్ యాత్ర రద్దీ ఉంటుంది, బండ్లు వదిలే వేళలు ముందు రోజే కనుక్కోండి. కులు వైపు వానలకు కొండచరియలు పడతాయి. సెలవు దొరికితే సెప్టెంబరుకు మార్చుకోండి.

వాగుల సంగతి: ఎండకి పైన మంచు కరిగి మధ్యాహ్నానికల్లా నీళ్లు ఉబ్బుతాయి. మనాలి రోడ్డులో జింగ్‌జింగ్‌బార్ దగ్గర వాగుల్ని పొద్దున్నే దాటేలా చూసుకోండి. ఫస్ట్ గేర్, క్లచ్ నొక్కొద్దు, మధ్యలో ఆపొద్దు.

సీమ_బాటసారి:
అందరూ జాగ్రత్తలే చెప్తున్నారు, అక్కడి అందం గురించీ రాయాలి కదా! కరువు సీమ అనే మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లేహ్‌లో 100 దాకానే. మేఘాలన్నీ హిమాలయాల అవతలే ఆగిపోతాయి. అందుకే ఆ కొండల మీద చెట్టన్నది లేదు. ఊదా, ఇటుకరంగు, పసుపు, ఒట్టి మట్టిరంగులే. ఖర్దుంగ్ లా దాటి నుబ్రా లోయలో హుండర్ వెళ్లండి. కాళ్ల కింద ఇసుక దిబ్బలు, రెండు మూపురాల ఒంటెలు, తలెత్తితే మంచు శిఖరాలు. మనాలి వైపు దిగేటప్పుడు మోరే మైదానంలో వేగం పెంచబుద్ధవుతుంది, పెంచకండి. బండి పక్కన పెట్టి చూడండి. తర్వాత గాటా లూప్స్, 21 మెలికలు.

గుంటూరు_బుల్లెట్:
రూటు తిప్పేశాం, శ్రీనగర్ నుంచే. అందరికీ ధన్యవాదాలు. పెట్రోల్ ఎలా? ఒక బండి పాత కార్బొరేటర్‌ది.

నల్లమల_రైడర్:
లేహ్ దాటాక కారూలో ట్యాంకు నింపి, ఇనుప క్యాన్‌లో ఇంకో ఐదు లీటర్లు పెట్టుకోండి. మనాలి వైపు నుంచి వచ్చేటప్పుడు తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని బోర్డే ఉండేది. పైన గాలి పలచన కాబట్టి కార్బొరేటర్ బండి గుంజదు, గాలితో కలిసే పెట్రోల్ పాళ్లు తగ్గించుకోవడం మెకానిక్ దగ్గర నేర్చుకోండి.

ఓరుగల్లు_హిమాలయన్:
పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకోండి, మన ప్రీపెయిడ్ అక్కడ పనిచేయదు. బండ్లు మీ పేరు మీదే ఉన్నాయా? మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసినవైతే నుబ్రా, పాంగాంగ్ సరస్సు వైపు స్థానికులు వెళ్లనివ్వరు. అటు వెళ్లాలంటే లేహ్‌లోనే వేరే బండి అద్దెకు తీసుకోవాలి.