గానుగ నూనె షాపుకి వెబ్‌సైట్, 45 వేలు అడుగుతున్నరు, ఇయ్యాల్నా వద్దా?

పాలమూరు_గానుగ

అందరికి నమస్తే. మాది పాలమూరు టౌను. ఎనిమిది నెల్ల కింద నేను, మా ఆయన కలిసి కరెంటు మోటరు మీద నడిచే చెక్క గానుగ పెట్టుకున్నం. పల్లీ, నువ్వులు, కొబ్బరి, ఈ మూడు నూనెలు ఎప్పుడూ ఉంటయి, కుసుమలు మాత్రం ఎవరన్న ఆర్డర్ ఇస్తేనే ఆడిస్తం. రోజుకి అన్నీ కలిపి పది లీటర్ల దాక పోతది. సగం గిరాకి మా కాలనీ, వాట్సాప్ గ్రూపులే, మిగతా సగం హైదరాబాద్ల ఉంటున్న మా సైడు వాళ్లు, వాళ్లకి వారానికి రెండు సార్లు ఆర్టీసీ కార్గోల పంపుతం.

ఇప్పుడు సంగతేందంటే ఒక డిజైన్ కంపెనీ అబ్బాయి షాపుకి వచ్చి మీకు వెబ్‌సైట్ లేకపోతే ఎట్ల మేడం అని లాప్‌టాప్ తెరిచి ఏవేవో చూపించిండు. మొత్తం 45 వేలు, 12 పేజీలు, హోమ్ పేజీల కదిలే పెద్ద స్లైడర్, మా గురించి, మా విజన్, మా మిషన్, బ్లాగు, చాట్ డబ్బా, అన్నీ ఉంటయంట. డొమైన్ (సైటు పేరు) వాళ్లే కొని పెడ్తరంట, ఏడాదికి 12 వేలు మెయింటెనెన్స్. మా ఆయన ఇచ్చేద్దాం అంటుండు. నాకేమో విజన్ మిషన్ పేజీల ఏం రాయాల్నో కూడ తెల్వది, నూనె తీస్తున్నం అమ్ముతున్నం అంతే కద.

సైటు తెలుగుల ఉండాల్నా ఇంగ్లీషులనా, పైసలు ఆన్‌లైన్‌ల కట్టించుకోవాల్నా, రంగు ఏది మంచిగుంటది (నాకు ఆకుపచ్చ ఇష్టం గాని ప్రతి ఒక్కరిదీ ఆకుపచ్చే ఉన్నది), జర తెలిసినోళ్లు చెప్పండి.

బెజవాడ_కోడర్

మేడం, నేను ఈ పనే చేస్తాను కాబట్టి మా వాళ్ల మీదే చెప్పాల్సి వస్తోంది, 12 పేజీలు మీకు అక్కర్లేదు. రేటు సంగతి తర్వాత, ముందు ఆ డొమైన్ వాళ్లే కొంటారన్న మాట దగ్గర ఆగండి. డొమైన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డు మీద మీరే కొనాలి, పది నిమిషాల పని. మొదటి ఏడాది బాగా తక్కువకి చూపించి రెండో ఏడాది రెన్యువల్‌కి ఎక్కువ లాగుతారు, కాబట్టి కొనేటప్పుడే రెన్యువల్ రేటు ఎంతో చూడండి. హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు) కూడా అంతే, అకౌంట్ మీది, పాస్‌వర్డ్ మీ దగ్గర. పని చేసేవాడికి లోపలికి వెళ్లే దారి మాత్రం ఇస్తారు, పని అయ్యాక తీసేస్తారు.

ఇక డిజైన్. ముందు రంగు గురించి ఆలోచించకండి, ఒక నోట్‌బుక్ తీసుకుని వారం రోజులు మీకు ఫోన్ చేసినవాళ్లు, షాపుకొచ్చినవాళ్లు ఏమేం అడిగారో వాళ్ల మాటల్లోనే రాయండి. రేటెంత, ఎప్పుడు తీశారు, ఎన్నాళ్లు నిలవుంటుంది, మా ఏరియాకి పంపుతారా. ఎక్కువసార్లు అడిగింది హోమ్ పేజీలో పైన ఉండాలి, తక్కువసార్లు అడిగింది కిందకి పోవాలి, ఎవరూ అడగనిది సైట్లోనే ఉండక్కర్లేదు. మీ విజన్ ఏంటని ఎవరైనా ఫోన్ చేసి అడిగారా?

స్లైడర్ కూడా వద్దు. మీ కస్టమర్ చూసేది ఫోన్‌లో, రెండో బొమ్మ వచ్చేలోపే కిందకి తోసేస్తాడు, పైగా ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది, అలాంటివి అయిదు పెడితే సిగ్నల్ సరిగ్గా లేని చోట పేజీ తెరుచుకోదు. ఒక్క ఫొటో చాలు, వెబ్‌పీ ఫార్మాట్లోకి మార్చి 200 కేబీ లోపుకి దించి పెట్టండి. పొద్దున ఎండ పక్కనుంచి పడేటప్పుడు గానుగలోంచి నూనె కారుతుంటే తీయండి, కొన్న బొమ్మలు మాత్రం వద్దు, సగం నూనె సైట్లలో ఆ ఒక్క ఆలివ్ కొమ్మే కనిపిస్తుంది, పల్లీ నూనెకి ఆలివ్ కొమ్మ ఏంటో నాకైతే అర్థం కాలేదు.

సైటు కట్టుకునే వర్డ్‌ప్రెస్, అందులో అమ్మకాలకి పెట్టుకునే వూకామర్స్ రెండూ ఊరికే దొరుకుతాయి, నాలుగు నూనెల షాపుకి అది చాలు. పేజీలు నాలుగో అయిదో.

తెలుగు గురించి ఒక ముఖ్యమైన సంగతి. మీ డబ్బా మీద లేబుల్ డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు, ఆ మేటర్ అలాగే తెచ్చి సైట్లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌కి కూడా అర్థం కాదు. లేబుల్ బొమ్మనే సైట్లో పెట్టేసి సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు, బొమ్మలో ఉన్న మాటలు వెతికితే దొరుకుతాయన్న నమ్మకం లేదు. అన్నీ యూనికోడ్‌లో (ఏ ఫోన్లో చూసినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో) మళ్లీ టైపు చేయించండి. ఫాంటుకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే వత్తులు కింద వరుస మీద పడతాయి, అక్షరం సైజుకి 1.7 రెట్లు ఉండేలా పెట్టమనండి. చాలామంది తెలుగు పెట్టి బాలేదని తీసేసేది ఈ ఒక్క కారణానికే.

అనంత_గానుగ

అక్కా, మాది అనంతపురం పక్కన, మేము కూడా గానుగే, మూడేండ్లు అయింది. పైన అన్న చెప్పిన డొమైన్ మాట మా ఇంట్లో జరిగిందే. ఒకాయన చేసిచ్చినాడు, పేరు ఆయన అకౌంట్లోనే కొన్నాడు, రెండో సంవత్సరం ఫోన్ ఎత్తలేదు, డొమైన్ గడువు అయిపోయింది, ఎవరో కొనేసుకున్నారు. డబ్బాల మీద, సంచుల మీద, ఆటో వెనక పోస్టర్ మీద అదే పేరు అచ్చేసి ఉంది. రెండు వేల లేబుళ్లు ఇంట్లో మూలన పడున్నాయి, పిల్లోళ్లు వాటి వెనకాల లెక్కలు చేసుకుంటా ఉంటారు.

పేరు పెట్టేటప్పుడు ఇంకోటి చూసుకో. గానుగ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకరు ఒక ఏ పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు. ఫోన్లో చెప్తే అవతలోళ్లు ఒక్కసారికి తప్పు లేకుండా కొట్టగలగాల, అట్లాంటి పేరే కొను. పదిమందికి చెప్పి కొట్టించి చూసుకో.

ఇంక మేము లేటుగా తెలుసుకున్నది ఏందంటే పేరు ఊరూరికీ మారుతుంది. మీరు పల్లీ నూనె అంటారు, కోస్తా వాళ్లు వేరుశనగ నూనె అంటారు, మా కాడ చెనిక్కాయ నూనె, బుడ్డల నూనె. మా సైట్లో మొదట ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ ఆయిల్ అని ఒక్కటే ఉండేది. ఈ నాలుగు పేర్లూ తెలుగులో రాసి, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒక వరుస పెట్టినాక, గూగుల్లో చూసినాము అని చెప్పే ఫోన్లు మొదలైనాయి. కాబట్టి తెలుగా ఇంగ్లీషా అంటే నేనైతే రెండూ అంటాను, వివరం తెలుగులో, నూనె పేరు రెండిట్లోనూ.

మా సైట్లో ఎక్కువమంది చదివే పేజీ ఏదో తెలుసా, అమ్మే పేజీ కాదు, ప్రశ్నల పేజీ. వేపుడు చేస్తే నురగ ఎందుకు వస్తాంది, అడుగున మడ్డి ఎందుకు ఉంది, పోయినసారి కంటే రంగు వేరేగా ఉందే, సూపర్ బజార్లో తక్కువకి వస్తా ఉంటే మీది ఇంత రేటు ఎందుకు. రేటు ప్రశ్నకి మేము ఒకటే వాక్యం రాసినాము, లీటరు నూనె రావాలంటే దగ్గర దగ్గర రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి అని. అది చదివినోళ్లు మళ్లీ బేరం ఆడలేదు అని అనను గానీ, తగ్గింది. మడ్డికి అయితే ఫొటోనే పెట్టినాము, తీసిన రోజు డబ్బా, నాలుగో రోజు తేరుకున్న డబ్బా, పక్కపక్కనే.

లీటరు అంటే కిలో కాదు, 910 గ్రాములు చిల్లర, అది కూడా రాసుకో, లేకపోతే ఇంట్లో కాటా పెట్టి తూచి తక్కువిచ్చినారు అని రివ్యూ రాస్తారు. మాకు రాసినారు.

గోడమీద_పిల్లి

ఇంత గొడవ ఎందుకండీ, వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ ఫ్రీ, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడం ఫ్రీ. రోజుకి పది లీటర్లకి వెబ్‌సైట్ ఏంటి. ఆ 45 వేలతో రెండు బస్తాల నువ్వులు కొనుక్కోండి.

బెజవాడ_కోడర్

ఆ రెండూ రేపే పెట్టుకోవాలి, అందులో నాకు గొడవ లేదు. కానీ మ్యాప్స్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ వాళ్లే ఉచితంగా చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవాళ్లు గుర్తుందా, అది 2024 మార్చిలో మూసేశారు. దాన్నే విజిటింగ్ కార్డు మీద వేసుకున్నవాళ్లు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. సొంత పేరు ఒకటి ఉంటే దాని వెనక ఇవాళ ఒక్క పేజీ పెట్టి, ఆర్డర్ బటన్ నొక్కితే మీ వాట్సాప్‌కే వెళ్లేలా చేసుకోవచ్చు, రేపు పెద్ద షాపు అయితే అదే పేరు మీద మార్చుకోవచ్చు. మేడం గారి స్థాయికి ఇప్పుడు అదే సరిపోతుందని నా అభిప్రాయం, కార్టు, పేమెంటు గేట్‌వే (సైట్లోనే డబ్బు కట్టించుకునే ఏర్పాటు) ఆరు నెలలు ఆగినా ఏం కాదు.

పద్దుల_పుస్తకం

నేను జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని, డిజైన్ గురించి నాకు తెలియదు, కానీ సైటు పెట్టాక నోటీసు వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తారు కాబట్టి నాలుగు మాటలు.

అమ్మా, మీరు రోజుకి 10 లీటర్లు, లీటరు 360 అనుకున్నా, 300 రోజులకి 10 లక్షల 80 వేలు. వస్తువులు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి తెలంగాణలో 20 లక్షలు (ఆంధ్రాలో 40, పక్క రాష్ట్రంవాళ్ల మాట విని మీరు మోసపోవద్దు). కాబట్టి ఇప్పటికి అక్కర్లేదు. కానీ రాష్ట్రం దాటి ఒక్క డబ్బా అమ్మినా ఈ పరిమితి పనికిరాదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెబ్‌సైట్ పెట్టగానే బెంగళూరు నుంచి ఆర్డర్ వస్తుంది, సంతోషంగా పంపేస్తారు, చిక్కు అక్కడే. జీఎస్టీ తీసుకునేదాకా తెలంగాణ లోపలే డెలివరీ అని పైనే రాయండి. పిన్‌కోడ్ చూసి ఆపుదాం అనుకోకండి, పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిసినా చింతూరు, కూనవరం లాంటి చోట్ల పిన్‌కోడ్ ఇప్పటికీ తెలంగాణలోని ఖమ్మం వైపు లాగే 507తోనే మొదలవుతుంది. రాష్ట్రం పేరు చూసుకుని ఆపాలి.

డబ్బా మీద ఉండాల్సినవి సైట్లో కూడా ఉండాలి: ఎమ్మార్పీ, నికర పరిమాణం, తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబర్. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) 14 అంకెల నంబర్ కూడా వేయండి, ఎలాగూ కస్టమర్లు అడుగుతారు. తర్వాత ఎప్పుడైనా పేమెంటు గేట్‌వేకి అప్లై చేస్తే రిఫండు, షిప్పింగు, ప్రైవసీ, నిబంధనలు, కాంటాక్టు, ఈ పేజీలు సైట్లో లేకపోతే వెనక్కి పంపేస్తారు. పక్కవాళ్ల సైట్లోంచి కాపీ కొట్టి వాళ్ల ఊరి పేరు తీయకుండా పెట్టినవాళ్లను చూశాను.

అన్నిటికంటే ముఖ్యం, షుగర్ తగ్గిస్తుంది, గుండెజబ్బు రాదు, మోకాళ్ల నొప్పులు పోతాయి, ఇలాంటివి ఒక్క ముక్క కూడా రాయకండి. ఆహార పదార్థానికి జబ్బు తగ్గిస్తుందని చెప్పుకోకూడదు, 2018లో దీనికి విడిగా నిబంధనలే వచ్చాయి. డిజైన్ చేసేవాడు ఎక్కడో చూసి ఇవన్నీ పచ్చ టిక్కు మార్కులతో పెడతాడు, నోటీసు మాత్రం మీ పేరు మీద వస్తుంది.

కూకట్‌పల్లి_కస్టమర్

నేను కొనేదాన్ని, చేసేదాన్ని కాదు. గానుగ నూనె ఆన్‌లైన్లో తెప్పిస్తాను. నేను చూసేవి మూడే, ఎప్పుడు తీశారు, ఎప్పుడొస్తుంది, కారితే ఏం చేస్తారు. ఒకసారి అయిదు లీటర్ల క్యాను కారి అట్టపెట్టె మొత్తం నానిపోయి వచ్చింది, ఫోన్ చేద్దామంటే సైట్లో నంబరే లేదు, ఫారం నింపమంది. మీరు మాత్రం నంబర్ పైన పెద్దగా పెట్టండి, ఏ టైములో ఎత్తుతారో కూడా రాయండి. చాట్ డబ్బా ఎగిరొచ్చి నేను మీకు ఎలా సాయపడగలను అంటే మాత్రం నేను మూసేస్తా. ఆ ఇప్పుడు 17 మంది చూస్తున్నారు అనే బోర్డు కూడా, నూనెని 17 మంది ఎందుకు చూస్తారు?

పాలమూరు_గానుగ

అందరికి శానా థాంక్స్. ఆ రోజు నుంచే నోట్‌బుక్ పెట్టిన. ఆరు రోజులకి 41 ప్రశ్నలు రాసిన, 41ల 14 రేటే, 9 మా ఏరియాకి పంపుతరా అని. నేను అనుకోనిది ఒకటి వచ్చింది, మా పల్లీలు మేమే తెస్తం, ఆడించి ఇస్తరా, కూలి ఎంత అని అయిదుగురు అడిగిన్రు. ఒక ముసలాయన బర్రెలకి తెలకపిండి ఉన్నదా అన్నడు. ఇవి రెండూ ఆ 12 పేజీలల్ల లేనే లేవు!

డొమైన్ నిన్న నా పేరు మీదనే కొన్న. మా చెల్లె కొడుకు ఒక్క పేజీ చేస్తనన్నడు. రేట్లు పల్లీ రేటు బట్టి మారుతుంటయి కద, ప్రతిసారి వాణ్ని అడగాల్నా అని ఒక్కటే రంది.

రంగు పసుపు అనుకుంటున్న, నూనె రంగే. మా ఆయన మాత్రం స్లైడర్ లేకపోతే సైటు లెక్క ఉండదు అంటుండు ఇంకా.

బెజవాడ_కోడర్

రేటు మీరే ఫోన్‌లోంచి మార్చుకునేలా చేయమనండి, ముందే చెప్తే అబ్బాయికి చిన్న పని. రేటు పక్కనే ఏ తేదీ నుంచో కనపడాలి, లేకపోతే పాత స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చి వాదిస్తారు. పసుపు వెనక పెట్టి తెల్ల అక్షరాలు వేయకండి, ఎండలో ఫోన్ చూస్తే ఏమీ కనపడదు, ముదురు గోధుమ రంగు అక్షరాలు వేయండి.

అనంత_గానుగ

ఆడించే కూలి మాట పైనే పెట్టక్కా, మాకు చెనిక్కాయ పంట వచ్చిన రెండు నెలలు నూనె కంటే కూలి మీదే ఎక్కువ వస్తుంది. కనీసం ఎన్ని కిలోలు తెస్తే ఆడిస్తారో కూడా రాయి, లేకపోతే రెండు కిలోలు సంచిలో ఏసుకుని వచ్చేస్తారు. స్లైడర్ సంగతి బావకి వదిలెయ్, వాట్సాప్ స్టేటస్‌లో రోజుకో ఫొటో పెట్టుకోమను.