ఐఎస్‌ఓ 14001: క్లైమేట్ సవరణ, 2025 డ్రాఫ్ట్ – బల్క్ డ్రగ్ యూనిట్‌లో నిజంగా ఏం మార్చాలి?

పాశమైలారం_ఈహెచ్‌ఎస్
మాది ఐఎస్‌ఓ 14001:2015 (పర్యావరణ నిర్వహణ ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. 2024 సవరణ కోసం మాన్యువల్‌లో వాతావరణ మార్పు మీద ఒక పేరా చేరిస్తే ఆడిటర్లు ఒప్పుకోవట్లేదు. 2025లో వచ్చిన డ్రాఫ్ట్‌లో ఇంకా చాలా మారాయంటున్నారు. మాన్యువల్ మొత్తం తిరగరాయాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

క్లాజ్_కాక
మాన్యువల్ జోలికి పోకండి. 2024 ఫిబ్రవరి సవరణ చేర్చింది రెండే వాక్యాలు. వాతావరణ మార్పు మీకు సంబంధించిన అంశమో కాదో తేల్చుకోమంది క్లాజ్ 4.1 (సంస్థ పరిస్థితులు)లో. దాని మీద ఆసక్తిదారులకు (కస్టమర్లు, చుట్టుపక్కల జనం లాంటివాళ్లకు) అవసరాలు ఉండొచ్చని 4.2 కింద ఒక నోట్ పెట్టింది. సర్టిఫికెట్ మార్చుకోనక్కర్లేదు, ట్రాన్సిషన్ గడువు కూడా పెట్టలేదు.

చిక్కంతా ఆ తర్వాతే. "సంబంధం ఉంది" అని 4.1లో రాస్తే, అది 6.1లో రిస్క్‌గా, యాస్పెక్ట్ రిజిస్టర్‌లో (మన పనులు పర్యావరణాన్ని తాకే తీరుల జాబితా) ఒక వరుసగా, 8.2లో ఎమర్జెన్సీగా కనబడాలి. పేరా దగ్గరే ఆగిపోతే ఆడిటర్ ఎందుకు వదులుతాడు? "సంబంధం లేదు" అని రాసుకోవచ్చు, నిషేధమేమీ లేదు. కానీ సాల్వెంట్ (ద్రావకం) వాడే ఫ్యాక్టరీలో ఆ మాట నిలబడదు.

కండెన్సర్_కింద
పై మాటకి ఒక ఉదాహరణ. డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ మరిగేది దాదాపు 40 డిగ్రీల దగ్గర. మేలో మన షెడ్ రేకుల కింద అంత వేడి మామూలే. డిస్టిలేషన్‌లో కూలింగ్ టవర్ నీళ్లు 32 డిగ్రీల్లో వస్తే, ప్రైమరీ కండెన్సర్ దాటిన వెంట్ గ్యాస్‌లో సగానికి పైగా సాల్వెంటే ఉంటుంది. సెకండరీ కండెన్సర్‌కి చిల్డ్ బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీళ్లు) లేకపోతే అదంతా గాలిపాలే.

యాస్పెక్ట్ రిజిస్టర్‌లో "సాల్వెంట్ ఆవిరి – నార్మల్" అని ఒక్క వరుస పెడితే సరిపోదు. "వేసవిలో బ్రైన్ ప్లాంట్ ట్రిప్ అయితే" అని అబ్‌నార్మల్ వరుస వేరే కావాలి. రుజువు కింద నెలవారీ సాల్వెంట్ లెక్క చూపించండి: స్టోర్స్ నుంచి ఇచ్చింది, అందులోంచి రికవరీ, వేస్ట్‌లోకి పోయింది, ఎఫ్లుయెంట్ (వ్యర్థజలం)లోకి పోయింది తీసేస్తే మిగిలేది నష్టం. జనవరి అంకె, మే అంకె పక్కపక్కన పెడితే 4.1కి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

డ్రమ్ములు ఎండలో నిలబెట్టి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ మిమ్మల్ని కాపాడవు.

తుపాను_లెక్క (పరవాడ)
మా వైపు సమస్య వేడి కన్నా వాన. 2014 అక్టోబర్ హుద్‌హుద్ తర్వాత కూడా చాలా ఎమర్జెన్సీ ప్లాన్‌లలో ఫైర్, స్పిల్ తప్ప వరద లేదు. లెక్క వేసి చూడండి: ఎకరం యార్డ్ అంటే 4,047 చదరపు మీటర్లు. 50 మి.మీ. వాన పడితే 200 కిలోలీటర్లు. కాంక్రీట్ యార్డ్ అయితే 180 దాకా డ్రెయిన్‌లోకే వస్తుంది. స్టార్మ్ వాటర్ (వాన నీళ్ల) ట్యాంక్ 100 కేఎల్ (కిలోలీటర్లు) అయితే మిగతాది ఎటు పోతుంది? గేటు బయటికి, లేదా ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంట్) ఈక్వలైజేషన్ ట్యాంక్‌లోకి. రెండూ తప్పే.

డైక్ (ట్యాంక్ లీకైతే ఆపే చుట్టు గోడ) కూడా అంతే. 20 కేఎల్ ట్యాంక్ ఒక్కటే ఉంటే 110 శాతం లెక్కన 22 కేఎల్ పట్టాలి. 6×8 మీటర్ల డైక్‌కి 46 సెం.మీ. గోడ చాలు. అదే డైక్‌లో 200 మి.మీ. వాన నిలిస్తే ఇంకో 9.6 కేఎల్, అప్పుడు గోడ 66 సెం.మీ. కావాలి. డ్రెయిన్ వాల్వ్ డైక్ బయట ఉండాలి, ఎప్పుడూ మూసే ఉండాలి. వాన నీళ్లు వదిలాక మళ్లీ మూశారా లేదా అని సంతకం పెట్టే రిజిస్టర్ లేకపోతే, తెరిచే ఉందని ఆడిటర్ అనుకుంటాడు. చాలాసార్లు అదే నిజం కూడా.

పాశమైలారం_ఈహెచ్‌ఎస్
కార్బన్ ఫుట్‌ప్రింట్ కూడా వేయాలా? కన్సల్టెంట్ దానికి వేరే కొటేషన్ ఇచ్చాడు.

క్లాజ్_కాక
14001 అడగదు. గ్రీన్‌హౌస్ గ్యాస్ లెక్క 14064-1 పని. విదేశీ కస్టమర్ అడిగి, ఇస్తామని మీరు ఒప్పుకుంటే అది 4.2 కింద మీ నిబద్ధత అవుతుంది, అప్పుడు వేయండి. లేకపోతే ఆ డబ్బు బ్రైన్ లైన్ ఇన్సులేషన్ మీద పెట్టండి.

2025 డ్రాఫ్ట్ సంగతి: 4.1లో కాలుష్య స్థాయులు, వనరుల లభ్యత, జీవవైవిధ్యం పేర్లు పెట్టి చెప్పారు. "అవుట్‌సోర్స్" బదులు బయటి నుంచి వచ్చే ప్రాసెస్‌లు, వస్తువులు, సేవలు అన్నారు. మేనేజ్‌మెంట్ రివ్యూని మూడు భాగాలు చేశారు, అది నంబర్ల మార్పే. పని పెట్టేది 6.3, మార్పుల ప్లానింగ్.

చేంజ్_కంట్రోల్
6.3కి కొత్త ఫారం అక్కర్లేదు. ఫార్మా వాళ్లకి క్వాలిటీ చేంజ్ కంట్రోల్ (మార్పుకి ముందే పరిశీలించి అనుమతించే పద్ధతి) ఎలాగూ ఉంది. అందులో ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) విభాగం సంతకం ఉంటుంది కానీ ప్రశ్నలుండవు. నాలుగు ప్రశ్నలు చేర్చండి: సీఎఫ్‌ఓ (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నడిపే అనుమతి)లోని ప్రోడక్ట్ లిస్ట్, పరిమాణం మారుతున్నాయా? కొత్త ప్రమాదకర వ్యర్థం వస్తుందా? ఎఫ్లుయెంట్ లోడ్ పెరుగుతుందా? స్టాక్ (పొగ గొట్టం) మారుతుందా?

నాలుగోది అందరూ మర్చిపోయేది. 500 కేవీఏ డీజీ (డీజిల్ జనరేటర్) తీసి 1,000 పెట్టారనుకోండి. స్టాక్ ఎత్తుకి భవనం ఎత్తు మీద 0.2 × √కేవీఏ కలపాలి. 500కి 4.5 మీటర్లు, 1,000కి 6.3. పాత పైపుకే కొత్త డీజీ తగిలించేస్తారు, పర్చేజ్ ఆర్డర్‌లో పైపు ఊసే ఉండదు.

మేనిఫెస్ట్_బుక్
అందరూ 4.1 అంటున్నారు కానీ, మేజర్ ఎన్‌సీ (ఆడిట్‌లో రాసే పెద్ద లోపం) వస్తే ఎక్కువగా 9.1.2 (చట్టపరమైన నిబంధనలు పాటిస్తున్నామా అన్న మదింపు)లోనే. సీఎఫ్‌ఓ కండిషన్లన్నిటికీ కలిపి "కంప్లైడ్" అని ఒకే గీత గీస్తారు. కండిషన్‌కి ఒక వరుస, రుజువు, ఎన్నాళ్లకోసారి, ఎవరు – ఇలా విడగొట్టాలి.

ఆడిటర్ నేరుగా హజార్డస్ వేస్ట్ షెడ్‌కి వెళ్లి ఫారం 8 లేబుల్ మీద నిల్వ తేదీ చూస్తాడు, తిరిగొచ్చి ఫారం 3 (వ్యర్థాల రికార్డు), ఫారం 10 మేనిఫెస్ట్ (వ్యర్థాల రవాణా పత్రం) తెరుస్తాడు. 90 రోజుల నిల్వ గడువు దాటిన డ్రమ్ ఒక్కటి దొరికితే చాలు. లేబుల్ మీద తేదీ ఎండకి వెలిసిపోతే అదింకో ఎన్‌సీ. ఫారం 4 (వార్షిక రిటర్న్) గడువు జూన్ 30, ఫారం 5 ఎన్విరాన్‌మెంటల్ స్టేట్‌మెంట్‌ది సెప్టెంబర్ 30. వీటి రసీదులు రిజిస్టర్‌కే జత చేసి పెట్టండి.

లీగల్ రిజిస్టర్‌లో పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 15 కింద ఇంకా ఐదేళ్ల జైలు అని ఉందేమో చూసుకోండి. జన్ విశ్వాస్ సవరణతో 2024 ఏప్రిల్ 1 నుంచి అది 10,000 నుంచి 15 లక్షల దాకా పెనాల్టీగా మారింది. ఆ పాత లైన్ కనబడగానే రిజిస్టర్ ఎన్నాళ్లుగా తెరవలేదో తెలిసిపోతుంది.

పాశమైలారం_ఈహెచ్‌ఎస్
ముందు లేబుళ్లు, సీఎఫ్‌ఓ వరుసలు, తర్వాత సాల్వెంట్ లెక్క. డైక్ కొలతలు వానలు మొదలయ్యేలోపు తీయిస్తాం. సాల్వెంట్ రికవరీకి తీసుకెళ్లే బయటి పార్టీ ఆథరైజేషన్ కాపీ కూడా చూడాలా?

మేనిఫెస్ట్_బుక్
తప్పకుండా. కాపీ ఉంటే చాలదండీ, గడువు తేదీ, అనుమతించిన పరిమాణం చూడండి. వాళ్లకి ఏడాదికి అనుమతి ఎంతో, మీరు పంపేది ఎంతో పక్కపక్కన పెట్టి ఫైల్ చేయండి.