నవంబరు 14 కార్యక్రమం: ఎవరు ఏం చేస్తున్నారో ఇక్కడే రాయండి

అనంతపురం అక్క (వంట బాధ్యత), అక్టోబరు 9

అందరికీ నమస్కారం. నేను 20వ తేదీ దాకా అనంతపురంలోనే ఉంటాను. హాలు, మైకు, కుర్చీలు అక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉన్నవాళ్లు చూస్తున్నారు కాబట్టి వంట సంగతి, ఇక్కడి నుంచి తేవాల్సినవి, స్టూడెంట్ వాలంటీర్ల సంగతి నేను రాస్తున్నా.

ముందు తేదీ తేల్చుకుందాం. నవంబరు 8 ఆదివారం దీపావళి కదా అని మొన్న కాల్‌లో లెస్టర్‌లో మన తెలుగువాళ్ల దీపావళి కార్యక్రమానికి 7వ తేదీ శనివారం ఖాయం చేశాం. అప్పుడు నేనూ సరేనన్నాను. తర్వాత వాలంటీర్ల పేర్లు చూస్తే పద్నాలుగు మందిలో పదకొండు మంది ఈ సెప్టెంబరులో అక్కడ చదువుకు దిగిన పిల్లలే. సెప్టెంబరు చివర్లో క్లాసులు మొదలైతే సరిగ్గా నవంబరు మొదటి రెండు వారాల్లోనే తొలి అసైన్‌మెంట్లు మీద పడతాయి. మనమంతా సెమిస్టర్ పరీక్షలకు వారం ముందు ఆల్ ఇన్ వన్ గైడు తిరగేసి గట్టెక్కినవాళ్లం. అక్కడ ఆ పప్పులుడకవు. రిపోర్టు సొంత మాటల్లో రాయాలి, ఎక్కడి నుంచి ఏం తీసుకున్నామో చూపించాలి, సోమవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు అప్‌లోడ్ చేయాలి. ఆలస్యమైతే రోజుకిన్ని మార్కులు కోస్తారు.

వాళ్లను అడిగితే "వస్తాం అక్కా" అనే అంటారు. పెద్దవాళ్లు పిలిస్తే కాదనడం మన పిల్లలకు చేతకాదు. నా మొదటి ఏడాది నేనూ అంతే. శనివారం పొద్దున ఏడు నుంచి ఉల్లిపాయలు తరిగి, సాయంత్రం గిన్నెలు కడిగి, ఆదివారమంతా నిద్రపోయి, ఆ రాత్రి లైబ్రరీలో కూర్చుంటే కీబోర్డు నిండా ఉల్లిపాయ వాసన. ఆ సబ్జెక్టులో 51 వచ్చింది. పాస్ మార్కు 50.

అందుకని 14వ తేదీకి మార్చమని అడుగుతున్నా. హాలు దొరుకుతుందా?

కర్నూలు తమ్ముడు (ఎంఎస్సీ, మొదటి టర్మ్)

అక్కా, నేనే చెబుదామనుకుని మొహమాటపడ్డాను. నవంబరు 9న పన్నెండింటికి నాకు రెండు సబ్మిషన్లు. ఒకటి గ్రూపు వర్కు, నలుగురిలో ఒకతను మెసేజ్‌లకు పలకడం లేదు. శుక్రవారం, శనివారం రాత్రులు గోదాములో షిఫ్టు కూడా ఉంది. 14 అయితే షిఫ్టులు వేసేటప్పుడు ముందే చెప్పి సెలవు పెట్టుకుంటాను. రీడింగ్ వీక్ (క్లాసులు లేకుండా చదువుకోడానికి వదిలే వారం) ఉంటుంది కదా అని అందరూ అంటున్నారు కానీ మా డిపార్టుమెంటుకు అది లేనే లేదు.

కార్యదర్శి

14 మధ్యాహ్నం 12 నుంచి 7 దాకా హాలు ఖాళీగానే ఉంది. కానీ దీపావళి అయిపోయిన వారానికి దీపావళి చేస్తే జనం నవ్వరా అమ్మా? పోస్టరు కూడా తయారైంది.

కడప అక్క (ఖర్చులు)

అన్నా, దీపావళి రోజు ఎట్లాగూ లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు కిటకిటలాడుతుంది, మనం చేసినా చేయకపోయినా పండగ జరిగిపోతుంది. 14 నాటికి కార్తీకం వచ్చేసి ఉంటుంది. కార్తీక వనభోజనాలు అని పేరు పెడదాం. శాకాహారమే కాబట్టి ఖర్చూ తగ్గుతుంది, చికెన్ ఎన్ని కిలోలు అనే పంచాయితీ కూడా ఉండదు. వనం ఏదీ అని అడగొద్దు. హాలు వెనకాల ఒక ఆపిల్ చెట్టుంది, అదే మన ఉసిరి చెట్టు.

కార్యదర్శి

సరే. 14 ఖాయం. పోస్టరు మార్పిస్తా. హాలు వాళ్ల షరతులు రెండు: మంట పెట్టి వండకూడదు, నిజం దీపాలు వెలిగించకూడదు. కిచెన్‌లో ఓవెన్, కెటిల్ మాత్రం వాడుకోవచ్చు. నాలుగుంపావుకే చీకటి పడుతుంది కాబట్టి భోజనాలు రెండింటికల్లా మొదలుపెడదాం.

అనంతపురం అక్క, అక్టోబరు 11

మంట పెట్టకూడదంటే మన అనంతపురం వంటకం ఒక్కటే దిక్కు: ఉగ్గాని. బొరుగులు (మరమరాలు) నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, తాళింపులో కలపడమే కదా. తాళింపు ముందురోజు ఇంట్లో చేసి డబ్బాల్లో తెస్తే, హాలులో స్టవ్ అవసరమే ఉండదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, కరివేపాకు బాగా మగ్గి ఉంటే చాలు. ఓవెన్‌లో కాస్త వెచ్చచేసి, తడిపిన బొరుగుల్లో వేసి, పైన పప్పులపొడి (వేయించిన శనగపప్పు పొడి) చల్లి, నిమ్మకాయ పిండితే అయిపోయింది.

చిక్కంతా బొరుగులతోనే. అక్కడ గుజరాతీ అంగళ్లలో దొరికే మమ్రా పలచగా, కరకరలాడుతూ ఉంటుంది. భేల్‌పూరీకి భలే ఉంటుంది కానీ నీళ్లు తగిలితే నిలవదు. పోయినేడాది నేను దాంతోనే చేశాను. గిన్నెలో వేసి ఇటు తిరిగి అటు తిరిగేసరికి జావ అయింది. కడప అక్క గరిటెతో ఎత్తి చూసి "ఇది ఉగ్గానా, బొరుగుల పాయసమా?" అంది. అది నేను మర్చిపోలేదు. మన బొరుగులు లావుగా ఉంటాయి. నీళ్లలో ముంచి, పిడికిట్లోకి తీసుకుని పిండితే నీళ్లు కారిపోతాయి, గింజ మాత్రం గింజలాగే ఉండి మెత్తగా వస్తుంది. కాబట్టి బొరుగులు ఇక్కడి నుంచే తెస్తా. మనిషికి యాభై గ్రాములు వేసుకుంటే నూట ఇరవై మందికి ఆరు కిలోలు. బరువు ఏమీ కాదు కానీ ఒక పెద్ద పెట్టె నిండిపోతుంది.

పప్పులపొడి, చెనిక్కాయల (వేరుశనగ) పొడి కూడా నా దగ్గరే. పెద్దనాన్న చేలో ఇప్పుడే చెనిక్కాయ పీకుతున్నారు, ఇల్లంతా పచ్చికాయల వాసన. నెయ్యి, పాలకోవా తెమ్మని ఇద్దరు మెసేజ్ పెట్టారు. తేలేను, ఇక్కడి నుంచి పాల పదార్థాలు అక్కడికి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, అక్కడే కొనండి. ఓళిగలకు (బొబ్బట్లకు) నెయ్యి కూడా అక్కడిదే.

ఇంకొకటి, ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. మన వంటలో చెనిక్కాయ లేనిది ఏముంది? అక్కడ చెప్పి తీరాల్సిన అలర్జీ పదార్థాలు 14 ఉన్నాయి. అందులో చెనిక్కాయలు, నువ్వులు, పాలు, గోధుమలే కాదు, ఆవాలు కూడా ఉన్నాయి. అంటే మన తాళింపే జాబితాలో ఉంది. పిల్లలు తమ క్లాసువాళ్లను కూడా తీసుకొస్తామంటున్నారు కాబట్టి ప్రతి గిన్నె ముందు పెద్ద అక్షరాలతో చీటీ ఉండాలి. చెనిక్కాయ తగలని గిన్నె ఒకటి విడిగా, దాని గరిటె దానికే. చీటీలు రాసే పని చేతిరాత బాగున్నవాళ్లు తీసుకోండి.

కర్నూలు తమ్ముడు

ఉగ్గాని సరే, బజ్జి ఏది అక్కా? బజ్జి లేని ఉగ్గాని అంటే కొండారెడ్డి బురుజు లేని కర్నూలే.

కడప అక్క

బజ్జీలు నేను మా ఇంట్లో వేయించి తెస్తా. ఓవెన్‌లో పెట్టినా కొంచెం మెత్తబడతాయి, ఓర్చుకోండి. పొద్దున పదకొండుకు ఇద్దరు కారుతో రావాలి. తాళింపు మాత్రం స్టూడెంట్ ఇళ్లలో పెట్టొద్దు.

అనంతపురం అక్క

ఔను, అస్సలు వద్దు. నా మొదటి నవంబరులో రాత్రి పదిన్నరకు పప్పుకు తాళింపు పెడితే పొగకు అలారం మోగి ఆరు అంతస్తులూ ఖాళీ చేయించారు. చలిలో నైట్ డ్రెస్సుల మీద నిలబడిన జనం మధ్యలో చేతిలో పోపు గరిటెతో నేను. ఎవరి పనో ఎవరూ అడగాల్సిన అవసరం లేకపోయింది.

హిందూపురం చెల్లి (ఎంబీఏ, మొదటి టర్మ్)

అక్కా, మా అమ్మ కారం పొడులు పంపించింది, ఇరవై ప్యాకెట్లు. ఒక మూల చిన్న టేబుల్ వేసి అమ్ముకోవచ్చా? ఈ నెల అద్దె కట్టినాక చేతిలో ఏం మిగల్లేదు.

అనంతపురం అక్క

వద్దమ్మా. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయొచ్చు, సొంత వ్యాపారం మాత్రం చేయకూడదు. టేబుల్ చిన్నదైనా వ్యాపారం వ్యాపారమే. అన్నా, మీకు కూడా: వంటకు సాయం చేసిన పిల్లలకు ఎంతో కొంత ఇద్దామన్నారు కదా, అది మంచి మనసుతో అన్నదే, కానీ డబ్బిస్తే అది పని కిందికి వచ్చి ఆ 20 గంటల్లో పడుతుంది. తమ్ముడికి గోదాములోనే ఇరవై అయిపోతున్నాయి. డబ్బు బదులు మిగిలిన ఉగ్గాని, బజ్జీలు, ఓళిగలు డబ్బాల్లో కట్టి ఇద్దాం. ఖాళీ డబ్బాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. చెల్లీ, అద్దె సంగతి నాకు విడిగా మెసేజ్ పెట్టు.

కార్యదర్శి

అర్థమైంది. డబ్బు మాట ఎత్తను. అక్టోబరు 25న గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి ఆ తర్వాతి కాల్స్ ఇండియాలో ఉన్నవాళ్లకు గంట ఆలస్యం.

అనంతపురం అక్క

మా అమ్మకు అది ముందే చెప్పాలి. నిరుడు చెప్పడం మర్చిపోతే, రోజూ రాత్రి తొమ్మిదికి వచ్చే ఫోన్ పది కావస్తున్నా రాలేదని ఆ మొదటిరోజు పక్కింటివాళ్లను కూడా లేపింది.

షిఫ్టులు ఇలా అనుకున్నా: కొత్త పిల్లలు ఎవరూ రెండు గంటలకు మించి ఉండొద్దు. తరగడం, కడగడం మేం పాతవాళ్లం చూసుకుంటాం. వాళ్లు వడ్డించి, తిని, డబ్బా కట్టుకుని పోవచ్చు. 16న సబ్మిషన్ ఉన్నవాళ్లు ఊరికే తినడానికి రండి, పని అడగను.

అనంతపురం అక్క, అక్టోబరు 18

బొరుగులు తీసుకున్నా. పాతూరులో అంగడాయన కొలుస్తూ "ఆరు కిలోలా! పెండ్లా అమ్మా?" అన్నాడు. ఇంగ్లండ్‌కు అంటే నమ్మలేదు కానీ ఇంకో దోసెడు ఎక్కువ పోశాడు. పెట్టె మూత పడటం లేదు, ఇంట్లో మా తమ్ముడు పైన కూర్చుంటే జిప్పు సగం దాకా వచ్చింది. 21న రాత్రి తొమ్మిదికి లెస్టర్‌లో కోచ్ దిగుతా. ఎవరైనా ఒకరు రండి, క్లాసు లేనివాళ్లే.

కర్నూలు తమ్ముడు

నేనొస్తా అక్కా. ఆరోజు షిఫ్టు లేదు.